మద్రాసులో చదువు, పాఠంలో మనవాళ్లు

"మావాడు మద్రాసులో ఎస్సై చదువు చదువుతున్నాడు" అని మా నాయన నెల్లూరంతా చెప్పుకున్నాడు. క్రిమినాలజీ అనే పేరు ఆయన నోటికి పట్టలేదు. ఎస్సై కావడానికి రెండేళ్ల చదువేం ఉండదు, పరీక్ష రాసి సెలెక్టయితే ట్రైనింగ్ ఇస్తారు, నేను చదివేది అది కాదు అని ఎన్నిసార్లు చెప్పినా, "అదేలే, ఆ లైనే కదా" అని కొట్టిపారేసేవాడు. సెలవులకి ఊరొస్తే మా పెదమామ మొదటి ప్రశ్న "యూనిఫాం ఎప్పుడు కుట్టిస్తారబ్బయా?" అనే.

ఒకసారి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాను ఆయనకి. నేరం ఎందుకు జరుగుతుంది, చేసినవాణ్ణి ఏం చేయాలి, దెబ్బతిన్నవాడి గతేంటి, వీటి గురించి మామా మా చదువు అన్నాను. పెదమామ వక్కపొడి నోట్లో వేసుకుని, "చేసినవాణ్ణి లోపలేయాల. దానికి రెండేళ్లు ఎందుకురా?" అన్నాడు. నిజం చెప్పాలంటే చేరేటప్పటికి నా దగ్గర కూడా అంతకంటే మంచి సమాధానం లేదు. బి.ఎ.లో సైకాలజీ పేపరొకటి నచ్చింది, లా కాలేజీలో సీటు రాలేదు, మద్రాసు యూనివర్సిటీ వాళ్ల ప్రకటన పేపర్లో కనపడింది. అంతే కథ.

మద్రాసు పేరు చెన్నైగా మారిన మరుసటేడు అది. నెల్లూరు వాళ్లకి ఆ మార్పు ఇప్పటికీ పూర్తిగా అందలేదనుకోండి, మేం పోయేది మద్రాసుకే. పినాకినిలో దిగి, ట్రిప్లికేన్‌లో ఒక మాన్షన్లో గది తీసుకున్నాను. మాన్షన్ అంటే పేరు చూసి మేడ అనుకునేరు. మంచాలు పట్టగా మిగిలిన జాగాలో మనుషులం పట్టేవాళ్లం. నా గదిలో ఇద్దరు తమిళులు, ఒకడు తంజావూరు, ఇంకొకడు తిరునెల్వేలి. రాత్రి కరెంటు పోతే తువ్వాలు భుజానేసుకుని మెరీనాకి పోయి ఇసుకలో పడుకునేవాళ్లం. నెలాఖరున రత్నా కేఫ్‌లో రెండు ఇడ్లీలు చెప్పి, వాటి మీద పోయించుకున్న సాంబారుతోనే కడుపు నింపుకున్న రోజులు లెక్కలేనన్ని.

చెపాక్ కాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్ 1965 నాటిది. దేశంలో ఈ చదువు చెప్పే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న కాలంలో మొదలుపెట్టారు. ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిమినాలజీ 1970లో పుట్టిందీ ఆ ఊళ్లోనే. బయటినుంచి చూస్తే ఇవేవీ తెలియవు. క్లాసులో పట్టుమని ఇరవైమంది ఉండమేమో. లెక్చరర్లు ఇంగ్లీషులో మొదలుపెట్టి, పాఠం ముదిరాక తమిళంలోకి జారిపోయేవారు. అలా జారినప్పుడల్లా తంజావూరు వాడు నా నోట్సు మార్జిన్లో పెన్సిల్‌తో ఇంగ్లీషులో అర్థం రాసిపెట్టేవాడు. నాకొచ్చిన తమిళం సగం ఆ మార్జిన్లలో నేర్చుకున్నదే.

సాక్ష్య చట్టం చెప్పడానికి బయటినుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ప్రాసిక్యూటర్‌గా చేసి రిటైరైన మనిషి. తెల్ల పంచె, చేతిలో పుస్తకం లేదు, సెక్షన్లన్నీ నోటికే. ఒకరోజు సెక్షన్ 27 దగ్గరికి వచ్చారు. పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకున్నది కోర్టులో పనికిరాదు, అది 25, 26. కానీ వాడు చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడటానికి కారణమైన మాట వరకూ పనికొస్తుంది, అది 27. ఎంత వరకు పనికొస్తుంది, ఎక్కడ గీత గీయాలి అన్నది తేల్చిన కేసు అంటూ బోర్డు మీద ఒక పేరు రాశారు. నేను ఉలిక్కిపడ్డాను. పులుకూరి కొట్టయ్య.

ఆయన దాన్ని "పులుక్కూరి కోట్టయ్యా" అని చదివి, నావైపు చూసి, "ఆంధ్రా తంబీ, నువ్వు చదువు" అన్నారు. లేచి నిలబడి చదివాను. గుంటూరు జిల్లా కేసు. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టు, అక్కడినుంచి లండన్లో ప్రీవీ కౌన్సిల్, అప్పట్లో మనకి అదే ఆఖరి కోర్టు. 1947 నాటి రిపోర్టుల్లో ఉంటుంది. ముద్దాయి వాంగ్మూలం ఇంగ్లీషులో ఉన్నా, లోపల మన పల్లె వినపడుతూనే ఉంది. పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూల దగ్గర కాపు కాశాం, శివయ్యనీ సుబ్బయ్యనీ కొట్టి చంపాం, రామయ్య చేతిలో ఉన్న బల్లెం నాకిచ్చాడు, దాన్నీ నా కర్రనీ వెంకటనరసు వామిలో దాచాను, వస్తే చూపిస్తాను.

ప్రీవీ కౌన్సిల్ ఏమందంటే, ఇంత కథలో "వామిలో దాచాను, వస్తే చూపిస్తాను" అన్నంత వరకే సాక్ష్యం. మిగతాదంతా కొట్టేయాలి. వామిలో బల్లెం దొరికిందంటే దొరికిన చోటు వాడికి తెలుసని మాత్రమే రుజువైంది, దాంతో ఎవర్ని పొడిచారన్నది కాదు. ఆ గీత ఎందుకంత పైన గీశారో మాస్టారు చెప్పిన తీరు నాకింకా గుర్తే. "పోలీసు స్టేషన్లో నాలుగు తగిలిస్తే మనిషి ఏమైనా చెప్తాడు. కానీ ఎంత కొట్టినా లేని బల్లెం వామిలోకి రాదు" అన్నారు. ఆ వెంటనే, "వచ్చేలా చేసేవాళ్లూ ఉన్నారనుకోండి" అని నవ్వారు. ఆయన సర్వీసంతా ఆ రెండో వాక్యంలో ఉందనిపించింది నాకు.

మా క్లాసులో మద్రాసు సిటీ పిల్లలకి వామి అంటే ఏంటో తెలీదు. గడ్డివామి ఎలా వేస్తారో, దాంట్లో చెయ్యి దూర్చి ఏదైనా దాస్తే ఎందుకు కనపడదో నేనూ తంజావూరు వాడూ లేచి చెప్పాం. లా పాఠంలో నాకు మార్కులొచ్చింది అప్పుడొక్కసారే.

ఆ తర్వాత వారం ఇంకొక కేసు. మళ్లీ మనవాళ్లే! ముద్దాయి పేరు పాకాల నారాయణస్వామి, 1939, ప్రీవీ కౌన్సిల్‌లో తీర్పు రాసింది లార్డ్ ఆట్కిన్. పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసిన నూకరాజు, బాకీ డబ్బు ఇస్తారట, బరంపురం రమ్మని ఉత్తరం వచ్చిందని భార్యతో చెప్పి 1937 మార్చిలో రైలెక్కాడు. తర్వాత రెండురోజులకి పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఒక ట్రంకు దొరికింది. అందులో శవం, ఏడు ముక్కలుగా. భార్యతో వెళ్తూ వెళ్తూ అన్న మాట మరణ వాంగ్మూలం కిందికి వస్తుందా అన్నది ప్రశ్న. వస్తుందన్నారు. చావు బతుకుల మీద ఉండి చెప్పిందే కానక్కర్లేదు, చావుకి దారితీసిన పరిస్థితుల గురించి చెప్పినా చాలన్నారు. మన దేశంలో ఏ లా కాలేజీలోనైనా ఈ రెండు కేసులూ చదవకుండా బయటపడిన వాడు లేడు. ఎక్కడో ఢిల్లీలోనూ, గౌహతిలోనూ పిల్లలు నూకరాజు పేరు తప్పుగా పలుకుతూ పరీక్ష రాస్తుంటారని తలుచుకుంటే వింతగా ఉంటుంది. పిఠాపురంలో ఎవరినైనా అడిగి చూడండి, తెలీదు.

ట్రంకు అన్నాను కదా. మద్రాసు వాళ్లకి ట్రంకు అంటే ఆళవందార్ కేసు. 1952లో బోట్ మెయిల్ అనే రైల్లో వాసనొస్తున్న పెట్టెని మానామదురైలో దించి తెరిస్తే తల లేని మొండెం. తల రాయపురం ఇసుకలో దొరికింది. రెండూ ఒకే మనిషివని మద్రాసు మెడికల్ కాలేజీలో తేల్చారు. చనిపోయిన ఆళవందార్ పెన్నులు అమ్మిన జెమ్ అండ్ కో షాపు ప్యారీస్ కార్నర్ దగ్గర ఉందని తెలిసి, ఒక శనివారం పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చాం. ఊరికే చూస్తే బాగుండదని నేనొక చౌక పెన్ను కూడా కొన్నాను. ఇక అప్పటినుంచి నెల్లూరు నుంచి నేను తెచ్చుకున్న ఇనప్పెట్టెకి గదిలో ఆళవందార్ అని పేరు పడింది. దాని తాళం తీసిన ప్రతిసారీ తిరునెల్వేలి వాడు ముక్కు మూసుకునేవాడు. అందులో ఉన్నది మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి, కాబట్టి వాడి అభిప్రాయం పూర్తిగా వేళాకోళమూ కాదు.

మా యూనివర్సిటీ ఉన్న బీచ్ రోడ్డులోనే కిందికి నడిస్తే డీజీపీ ఆఫీసు, ఇంకొంచెం పోతే ఫోరెన్సిక్ డిపార్ట్‌మెంట్. చదువు చెప్పేచోటూ, కేసు కట్టే అధికారులూ, రక్తపు మరక పరీక్ష చేసేవాళ్లూ అందరూ సముద్రం వైపే కిటికీలు పెట్టుకుని ఉన్నారు. ఇలాంటి పరీక్షల కోసం దేశంలోనే మొదటి కెమికల్ ఎగ్జామినర్ లాబొరేటరీ 1849లో మద్రాసులోనే పెట్టారు. అప్పట్లో విషం పెట్టి చంపడం ఎక్కువ, కడుపులో ఏముందో చెప్పేవాడు కావాల్సొచ్చింది. మేం చదివేనాటికి ఫోరెన్సిక్ అంటే అందరూ చెప్పుకునే పేరు పి. చంద్రశేఖరన్ గారిది. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య తర్వాత, చిరిగిన గుడ్డ ముక్కలూ తీగలూ ఏరి, బాంబు నడుముకి కట్టుకొచ్చిన బెల్టులో ఉందని నిలబెట్టింది ఆయనే. తర్వాత పద్మభూషణ్ ఇచ్చారు. మా వాళ్లలో సగంమందికి ఆయనలా కావాలని ఉండేది, ఆర్ట్స్ డిగ్రీలతో వచ్చామన్న సంగతి కెమిస్ట్రీ పేపరు చేతికొచ్చేదాకా గుర్తు రాలేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరదాగా ఉన్న జ్ఞాపకాలు. లాంబ్రోసో క్లాసు అలాంటిది కాదు.

క్లాసులో నేను కాక ఇంకొక తెలుగువాడుండేవాడు. ఊరు స్టువర్టుపురం. మొదట్లో "బాపట్ల దగ్గర" అనేవాడు, అంతకుమించి అడిగితే మాట మార్చేవాడు. నాకు తెలిసినా నేనూ అడగలేదు. క్రిమినాలజీ అనగానే మొదట చెప్పే పాఠం ఇటలీ డాక్టరు లాంబ్రోసోది. 1876లో పుస్తకం రాశాడు. నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడు, దవడ పెద్దది, చెవులు ఇలా ఉంటాయి, నుదురు అలా ఉంటుంది అని జైళ్లలో మనుషుల తలలు కొలిచాడు. అదంతా తప్పని తర్వాత తేలిపోయింది, అయినా చరిత్ర కాబట్టి చెప్తారు. లెక్చరరు బొమ్మలు చూపిస్తూ ఉంటే క్లాసంతా పక్కవాడి చెవులు చూసి నవ్వుకుంటోంది. మావాడు చెయ్యెత్తాడు. లేచి, నెమ్మదిగా, "సార్, ఆయన పుస్తకం 1876. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871. ఆయన కొలవకముందే మమ్మల్ని కొలిచేశారు" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. లెక్చరరు మంచి మనిషి, పుస్తకం మూసి, "నువ్వు ముందుకొచ్చి చెప్పు" అన్నారు. అలా ఆ గంట మావాడు పాఠం చెప్పాడు. తెగలకి తెగలనే పుట్టుకతో నేరస్థులని ముద్రవేసే ఆ చట్టం మొదట ఉత్తరాదిన పెట్టారు, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేత, ఎరుకల వాళ్లని ఉంచడానికి స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టించారు. ఎరుకల వాళ్లు ఉప్పూ ధాన్యమూ గాడిదల మీద ఊరూరా వేసుకెళ్లి అమ్ముకునేవాళ్లు. రైళ్లొచ్చి ఆ వర్తకం పోయింది, తిరిగేవాడి మీద అనుమానం మాత్రం మిగిలింది. సెటిల్‌మెంట్లో వాళ్ల తాత రాత్రి పూట హాజరు పలికేవాడట. పక్క ఊళ్లో కూతురి కాన్పుకి పోవాలన్నా చీటీ కావాలి. ఏం చేశాడని? పుట్టాడు. 1952లో ఆ చట్టం రద్దయింది. "రద్దయ్యాక కూడా చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా జీపు మా ఊరికే మొదట వచ్చేది" అని ఆపాడు.

ఆ సాయంత్రం మెరీనాలో వాడు నాతో మాట్లాడిన తీరు వేరు. "ఒరేయ్, నువ్వు మా ఊరి పేరు తెలిసీ అడగలేదు చూడు, అదే నాకు అడిగినట్టుండేది" అన్నాడు. దానికి నేనేమనాలో తెలీక, బజ్జీలు కొన్నాను. నేర చరిత్ర అంటూ ఎవరి గురించైనా పేపర్లో చదివితే ఇప్పటికీ, అందులో వాడు చేసిందెంత, వాడికి ముందే రాసిపెట్టి ఉంచిందెంత అని వెతుకుతాను. ఇది నాకు పుస్తకం నేర్పింది కాదు.

ఫీల్డు పని అని బయటికి పంపేవారు. ఆడపిల్లల్ని థౌజండ్ లైట్స్‌లో మహిళా పోలీస్ స్టేషన్‌కి పంపారు, 1992లో తమిళనాడులో మొదటిది అదే. వాళ్లొచ్చి చెప్పిన కథలు మా నోట్సులకంటే బాగుండేవి. మమ్మల్ని కెల్లీస్‌లో పిల్లల హోమ్‌కి పంపారు. అప్పటికి 1986 నాటి బాలల న్యాయ చట్టం, మగపిల్లాడికి పదహారు దాటితే పెద్దవాడి కింద లెక్క, ఆడపిల్లకి పద్దెనిమిది. 2000 చట్టంతోగానీ ఇద్దరికీ ఒకటే వయసు కాలేదు. అక్కడ పిల్లలు మమ్మల్ని క్రికెట్లో ఓడించడం తప్ప నాకు ఎక్కువ గుర్తు లేదు.

సెంట్రల్ జైలు మాత్రం బాగా గుర్తుంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే ఉండేది, 1837 నాటిది. నెల్లూరు రైలు దిగి రోడ్డు దాటినంత దూరం. ఇన్నాళ్లూ దాని పక్కనుంచే పోతున్నానని లోపలికెళ్లాకగానీ అనిపించలేదు. విచారణ ఖైదీల బ్లాకులో ఒకతను నా మాట యాస విని, "ఏ ఊరన్నా?" అని తెలుగులో అడిగాడు. సూళ్లూరుపేట వైపు మనిషి, కట్టడాల పనికొచ్చి ఏదో చిన్న దొంగతనం కేసులో పడ్డాడు. బెయిల్ వచ్చేసిందట! జామీనుకి నిలబడే మనిషి లేక లోపలే ఉన్నాడు. మద్రాసులో ఇల్లూ పొలం ఉన్న తెలిసినవాడు అతనికి ఎక్కడినుంచి వస్తాడు? ఇలాంటి వాళ్ల గురించే 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో పేద విచారణ ఖైదీల్ని సొంత పూచీ మీద వదలాలని సుప్రీంకోర్టు అంతలా చెప్పిందని మేం అప్పటికే చదివాం, పరీక్షలో రాశాం కూడా. అతను ఊళ్లో వాళ్ల అన్నకి చెప్పమని చిరునామా చెప్పాడు. ఉత్తరం రాశాను. అన్న వచ్చాడో లేదో నాకు తెలియలేదు.

ఆ జైలుని 2006లో పుళల్‌కి మార్చేశారు. పాతది పడగొట్టే ముందు 2009లో జనాన్ని చూడనిచ్చారు. మా ఆవిడనీ పిల్లల్నీ తీసుకెళ్లాను. పెద్ద క్యూ, ఐస్‌క్రీం బళ్లు, గదుల్లో నిలబడి ఊచలు పట్టుకుని ఫొటోలు. నాకు ఒళ్లు మండింది. మా అబ్బాయి కూడా ఊచలు పట్టుకుని నిలబడి ఫొటో తీయమంటే, తీయననలేక తీశాను.

చదువయ్యాక ఏమయ్యామంటే, ఒక్కొక్కరం ఒక్కో వైపు. యూనిఫాం వేసుకున్నది తిరునెల్వేలి వాడు ఒక్కడే, వాడు మా క్లాసు కూడా కాదు, బి.కామ్! తంజావూరు వాడు బ్యాంకులో మోసాలు పట్టే విభాగంలో ఉన్నాడు. స్టువర్టుపురం మావాడు బాలల హోమ్‌లో ప్రొబేషన్ ఆఫీసరుగా చేరి, చాలా ఏళ్లు చేశాడు. కొత్తగా వచ్చిన పిల్లవాడి ఫైలు చదవకుండా ముందు భోజనం పెట్టించి మాట్లాడేవాడని అక్కడి వాళ్లు చెప్పారు. నేను సెక్యూరిటీ వైపు వచ్చాను. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ చట్టం తర్వాత గార్డుగా పెట్టుకోవాలంటే క్లాసులో 100 గంటలూ, బయట 60 గంటలూ శిక్షణ ఇవ్వాలన్న రూలు పడింది. అది ఇచ్చే పని మాది, అంబత్తూరులో. ఒరిస్సా, బీహారు, మన శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాళ్లు. దొంగని పట్టుకుంటే ఏం చేయాలని అడిగితే అందరూ ఒకే మాటంటారు, నాలుగు తగిలించాలని. అక్కణ్ణుంచి మొదలవుతుంది మా పాఠం. మీరు కొట్టకూడదు, పోలీసులకి అప్పగించాలి, అరెస్టు చేసే పోలీసుకే డీకే బసు కేసులో సుప్రీంకోర్టు ఇన్ని షరతులు పెట్టింది అంటే, నమ్మలేనట్టు చూస్తారు.

నాయన పోయేదాకా నన్ను ఎస్సై అనే చెప్పుకున్నాడు. సెక్యూరిటీ అంటే కూడా ఆయన లెక్కలో ఆ లైనే.

2024 జూలై 1న కొత్త చట్టాలు వచ్చాయి. ఐపీసీ పోయింది, సీఆర్పీసీ పోయింది, 1872 నాటి సాక్ష్య చట్టం పోయింది. మూడొందల రెండు అంటే హత్య అని చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన నంబరు 103 అయింది. ఆ పొద్దున్నే మావాడు ఫోన్ చేశాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"కొట్టయ్య ఉన్నాడా, పోయాడా?" అన్నాడు.

కొత్త పుస్తకం తిరగేసి చూశాను. 25, 26, 27 మూడూ కలిపి సెక్షన్ 23 చేశారు. పాత 27 దాని చివర మినహాయింపుగా ఉంది. "ఉన్నాడురా, 23 తోకలో కూర్చోబెట్టారు" అన్నాను.

"అయితే వెంకటనరసు వామికి ఢోకా లేదు" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఇద్దరం పాత నంబర్లకి కొత్త నంబర్లు వెతుక్కుంటూ కూర్చున్నాం, వాడు అడగడం, నేను పేజీలు తిప్పడం.